గాలి సంచికి గంజి

మా మనుమరాలు హైదరాబాదు పెద్ద విమానాశ్రయంలో ప్రయాణికుల సౌకర్యాలు చూసే విభాగంలో పనిచేస్తుంది. పోయినేడు నన్ను తీసుకుపోయి అంతా తిప్పి చూపించింది. చంటిపిల్లల తల్లులకు వేరే గది, నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు, నిలబడితే చాలు తనే మోసుకుపోయే నేల, చెయ్యి చాపితే నీళ్లు పోసే కుళాయి. ఆ కుళాయి కింద నేను నాలుగుసార్లు చెయ్యి పెట్టి తీశాను. ఐదోసారి పెట్టబోతుంటే మనుమరాలు రెక్క పట్టుకుని లాక్కుపోయింది. బయటికి వచ్చేముందు ఆమెతో పనిచేసే పిల్లలు నా చుట్టూ చేరారు.

"అమ్మమ్మా, నువ్వు కూడ ఎయిర్‌పోర్టుల పనిచేసినవంట గద! అప్పుడు ప్యాసింజర్లకు ఏమేం సౌకర్యాలుండె?"

"నేనే ఉంటి" అన్నాను.

పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను నవ్వులాటకు చెప్పలేదు. నీళ్లిచ్చేది నేను, నేల ఊడ్చేది నేను, చాయ్ పెట్టేది నేను, మరుగుదొడ్డికి దారి చూపేది నేను. వాళ్లకు ఆ రోజు మిగతాది చెప్పే సమయం దొరకలేదు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అందుకని రాత నిదానంగా సాగుతుంది. ఆ పిల్లలు తీరిక ఉన్నప్పుడు చదువుకుంటారని నేను చేసిన ఒక ఘనకార్యం గురించి రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. ఆదిలాబాదు ఊరి బయట నిజాం కాలంలో చదును చేసిన మైదానం ఒకటి ఉండేది. ఊళ్లోవాళ్లు గాలిమోటర్ల మైదానం అనేవారు. నెలకు రెండో మూడో చిన్న విమానాలు దిగేవి. ప్రాజెక్టు పనులు చూసే ఇంజనీర్లు, పెద్ద అధికారులు వచ్చేవాళ్లు. నాది సుల్తానాబాదు పక్క పల్లె, మగ్గాల ఇల్లు. పెళ్లయి ఆదిలాబాదు వచ్చాను. మా ఆయన పత్తి జిన్నింగు మిల్లులో పని. ఒకసారి ఒక అధికారి వెంట ఆయన భార్య దిగిందట. ఆమెకు నీళ్లివ్వడానికి ఆడమనిషి లేదని పెద్ద గొడవ అయిందట. ఆ గొడవ పుణ్యమా అని నాకు పని దొరికింది.

రేకుల షెడ్డులో సగానికి పరదా కట్టి, దాన్ని ఆడవాళ్ల విశ్రాంతి గది అన్నారు. దానికి నేను బాధ్యురాలిని. మొదటి ఏడాదంతా కలిపి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. మిగతా రోజుల్లో అందులో మేక విశ్రాంతి తీసుకునేది.

మేక మా చౌకీదారుది. ఆయన్ను అందరం కాకా అనేవాళ్లం. మాటలో సగం మరాఠీ కలిసేది. విమానం చప్పుడు వినగానే ఎర్రజెండా పట్టుకుని మైదానంలోని పశువులను తోలడం ఆయన పని. మైదానం కొసన, రోడ్డు వైపు, ఆయనకే ఒక జొన్న చేను ఉండేది. అందుకని పశువులను ఎప్పుడూ రెండో వైపుకే తోలేవాడు.

మా ఇద్దరి మీద ఇన్‌చార్జి సాబ్. ముప్పై ఏళ్ల సర్వీసు, పదవీ విరమణకు ఇంకొక ఏడాది. తెల్లటి కుర్తా పైజామా, మీద నల్ల కోటు. కుర్తా ఎంత గంజితో ఉండేదంటే ఆయన కూర్చుంటే కాగితం నలిగిన చప్పుడు వచ్చేది. ఆయనకు ఒక్కటే గర్వం, తన సర్వీసు బుక్కు. తప్పు చేసిన ఉద్యోగి బుక్కులో పై అధికారులు ఎర్ర సిరాతో రాసేవారు. సాబ్ బుక్కులో ఎర్ర చుక్క లేదు. వారానికి ఒకసారైనా మాకు చెప్పేవాడు.

"ముప్పై ఏండ్లు! నిజాం సర్కారు చూసిన, మిలట్రీ సర్కారు చూసిన, గిప్పుడు గీ సర్కారు చూస్తున్న. ఒక్క లాల్ లకీర్ లేదు బేటీ నా బుక్కుల. అట్లనే ఇంటికి పోతా."

షెడ్డు పక్కన పొడుగాటి స్తంభం, దాని కొసన తిరిగే ఇనుప కడెం, ఆ కడేనికి కట్టిన గుడ్డ గొట్టం. అదే గాలి సంచి. గాలి దాని నోట్లోంచి దూరి తోకలోంచి పోతుంది. గాలి ఎటు నుంచి వస్తే నోరు అటు తిరుగుతుంది. గాలి లేకపోతే వేలాడుతుంది, జోరుగా ఉంటే అడ్డంగా, బిగుసుకుని సాగుతుంది. పైలట్ పైనుంచి దాన్ని చూసుకుని గాలికి ఎదురుగా దిగుతాడు. ఇదంతా సాబ్ నాకు మొదటి వారంలోనే చెప్పాడు. నేను శ్రద్ధగా విని తల ఊపాను. ఆ తల ఊపడం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

ఆ ఏడు గాలిదుమారాలకు సంచి చిరిగి పీలికలయింది. కొత్తది పంపమని సాబ్ హైదరాబాదుకు కాగితం రాశాడు. సంచి రాలేదు. చలికాలం మొదలవుతుండగా ఒక పెద్ద అధికారి వస్తున్నాడని మాత్రం వార్త వచ్చింది. సాబ్ నన్ను పిలిచాడు.

"నువ్వు సాలోల్ల బిడ్డవు గద బేటీ. ఒక సంచి కుట్టలేవా?"

"ఎన్నడు కావాలె సాబ్?"

"ఎల్లుండి బడే సాబ్ దిగుతుండు. రేపు సాయంత్రం వరకు పైన ఉండాలె."

బట్ట పని అనేసరికి నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. మా అన్న మగ్గం మీద నేసి పంపిన మందపాటి దుప్పటి బట్ట ఇంట్లో ఉంది. పాత పీలికల కొలత తీసుకుని కోసి, రెండు వరసల కుట్టు వేసి గొట్టం చేశాను. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ రాయడానికి ఏమీ ఉండేది కాదు.

మా ఇంట్లో గంజి పెట్టని బట్ట గడప దాటేది కాదు. పోగుకు గంజి, నేసినంక గంజి, అమ్మే ముందు గంజి. మెత్తటి బట్ట ఎవరి చేతికైనా ఇస్తే మా అవ్వకు తల కొట్టేసినట్టుండేది. ఆ అవ్వ కూతురిని నేను. కుట్టిన సంచిని చేతిలో పట్టుకుని చూస్తే వాడిన పొట్లకాయలా వేలాడుతోంది. దీన్నా బడే సాబ్‌కు చూపించేది అనిపించింది. ఆ రాత్రీ మర్నాడు పొద్దునా ఇంట్లో వార్చిన గంజి చుక్క పారబోయలేదు. అందులో ఇంత నూనె కలిపి మూడు పూతలు పూశాను. గుండ్రంగా ఆరాలని లోపల ఎండుగడ్డి కూరి ఎండలో పెట్టాను. మా ఆయన చూసి, "నాకు తాగనీకి గంజి లేదు గాని గాలికి పెట్టినవా?" అన్నాడు. ఆరినంక గడ్డి లాగేస్తే సంచి నేల మీద తనంతట తాను నిలబడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది.

సాయంత్రం కాకా నిచ్చెన వేసుకుని ఎక్కాడు.

"ఏ బాయీ, గింత బరువేందే? లోపల కట్టె పెట్టినవా?"

"కట్టె లేదు ఏం లేదు. నోరు రోడ్డు దిక్కు పెట్టు కాకా. జిల్లా సాబ్‌లు అటు నుంచే వస్తరు, మంచిగ కనపడాలె."

కాకా పెట్టాడు. బరువుకు కడెం కూడా తిరగక, సంచి నిటారుగా, కదలక మెదలక నిలిచింది. సాబ్ కళ్లద్దాలు సర్దుకుని కింద నుంచి చూసి, "మాషా అల్లా! గాలి జోర్ మీదుంది" అన్నాడు. ఆ సమయంలో కాకా బీడీ వెలిగించుకున్నాడు. పొగ నిదానంగా రోడ్డు వైపే పోతోంది. గాలి రోడ్డు నుంచి రావడం లేదని, రోడ్డు వైపే పోతోందని ఆ పొగ చెబుతూనే ఉంది. నేను పొగను చూశాను, సంచిని చూశాను, నా కుట్టు ఎంత తీరుగా వచ్చిందో అని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే జిల్లా అధికారుల జీపులు రోడ్డు పక్కన ఆగాయి. నేను కొత్త చీర కట్టుకుని, ట్రేలో గ్లాసులు పేర్చుకుని షెడ్డు ముందు నిలబడ్డాను. విమానం ఒక చుట్టు తిరిగింది. పైలట్‌కు పైనుంచి ఏం కనబడిందో తర్వాత తెలిసింది. సంచి కర్రలా సాగి ఉంది, నోరు రోడ్డు వైపు ఉంది. అంటే రోడ్డు నుంచి హోరుగాలి. అతను దానికి ఎదురుగా, హోరుగాలిని తట్టుకోవడానికి వేగం కొంచెం ఎక్కువ ఉంచుకుని దిగాడు. ఉన్న కాస్త గాలి వెనక నుంచి తోస్తోంది. విమానం నా ట్రే ముందు ఆగాల్సింది. ఆగలేదు. నన్ను దాటింది, మైదానం దాటింది, పోయి జొన్న చేనులో పడింది.

"అరే నా జొన్న! నా జొన్న తొక్కకుర్రి!" అని కాకా ఎర్రజెండా ఊపుతూ విమానం వెనక పరుగెత్తాడు. ఇంత పొడుగు జొన్న కర్రలు చక్రాలకు చుట్టుకుని, నల్లరేగడి మెత్తన తోడై, విమానం ముక్కు వంచి ఆగింది. దేవుడు చల్లగా చూశాడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. బడే సాబ్ తల మీద జొన్న ఆకులతో దిగి, అలాగే జీపెక్కాడు. పైలట్‌ను కూడా అటు నుంచే ఊళ్లోకి తీసుకుపోయారు. సాబ్ వాళ్ల వెనక పరుగెత్తాడు.

షెడ్డు దగ్గర నేను ఒక్కదాన్నే మిగిలాను. ఉన్న కాస్త గాలీ ఆగిపోయి, చెట్టు మీద ఆకు కదలడం లేదు. తలెత్తి చూశాను. సంచి నిటారుగా నిలబడే ఉంది, తుఫానులో ఉన్నట్టు. సాబ్ మొదటి వారంలో చెప్పిన పాఠం నాకు అప్పుడు అర్థమయింది.

కాకా జొన్నను తలచుకుంటూ తిరిగి వచ్చాడు. నేను ఆయన కాళ్ల మీద పడ్డంత పని చేసి సంచి దింపించాను. దింపుతూ దింపుతూ వంచి చూసి, "బాయీ, గిది వంగుతలేదే!" అన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. "నేనేం చూడలే. నాకేం తెల్వదు. నా జొన్న పోయింది, నాకు గదొక్కటే తెలుసు" అని బీడీ తీశాడు.

మధ్యాహ్నం సాబ్ వచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"పైలట్ ఏమంటుండు తెల్సా? నేల మీద గాలే లేదట! నిన్నగాక మొన్న మీసాలొచ్చిన పోరడు! నేను నా కండ్లతోని చూసిన, సంచి గిట్ల నిలవడ్డది." ఆయన చెయ్యి చాపి చూపించాడు. కుర్తా చేతి గుడ్డ ఆ చేతికన్న నిటారుగా ఉంది. "గాలి జోరుగుండె, వాడు దిగేటప్పుడు ఒక్కసారి మళ్లింది. గంతే. సంచి ఎవరు దించిండ్రు?"

"నేనే సాబ్. దుమ్ము పట్టింది, జర ఉతికి..."

"హాత్ మత్ లగావ్! ఎంక్వైరీ అయ్యేదాంక దాన్ని ఎవ్వరు ముట్టొద్దు."

దాన్ని ఇనుప పెట్టెలో పెట్టబోయాడు. వంగలేదు, మూత పడలేదు. చివరికి షెడ్డు మూలన నిలబెట్టాడు. పది రోజులు అది అక్కడే నిలబడింది, చుట్టం లెక్క. వచ్చినవాళ్లందరూ దాన్ని చూశారు. ఎందుకు నిలబడిందని ఎవరూ అడగలేదు. రోజూ దాని పక్కనే కుర్చీ వేసుకుని సాబ్ తన వాఙ్మూలం రాశాడు. రాయడం పూర్తయ్యాక నాకు చదివి వినిపించాడు కూడా. "ఆ పొద్దున రోడ్డు దిక్కు నుంచి బలమైన గాలి వీచింది, నేను స్వయంగా చూశాను" అన్న చోట గొంతు పెంచాడు.

ఆ కాగితం నిలిస్తే పైలట్ ఉద్యోగం పోతుంది. నిలవకపోతే సాబ్ బుక్కులో ఎర్ర సిరా పడుతుంది. ఈ రెండింటి మధ్యలో ఉన్నది నా గంజి. నోరు విప్పడానికి అంతకన్న మంచి సమయం దొరకదు. సాబ్ ఇంకా సంతకం చేయలేదు. నేను గొంతు సవరించుకుని, "సాబ్" అన్నాను.

"చెప్పు బేటీ."

"చాయ్ తాగుతరా?"

తాగాడు. తాగి సంతకం చేశాడు. నా పని పోతుందని భయం, నిజమే. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఆ సంచి కుట్టింది నేనని నేను ఊరంతా చెప్పుకున్నాను.

పదకొండో రోజు హైదరాబాదు నుంచి విచారణ అధికారి వచ్చాడు. "గాలిమోటర్ల రాలే, జీపుల వచ్చిండు. తెలివిగల్ల మనిషి" అన్నాడు కాకా. అధికారి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, కూర్చోబోతూ మూలకు చూశాడు.

"అదేంది?"

"గాలి సంచి సార్" అన్నాడు సాబ్.

"లోపల కర్ర ఉందా?"

"లేదు సార్."

అధికారి పోయి సంచి నోట్లో చెయ్యి పెట్టి చూశాడు. వేలితో తట్టాడు. డప్పులా మోగింది. తలుపులు మూసే ఉన్నాయి, లోపల గాలి లేదు.

"మరి ఎట్ల నిలవడ్డది?"

సాబ్ నోరు తెరిచాడు. సంచి వైపు చూశాడు, తన కుర్తా చేతి వైపు చూసుకున్నాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది.

"గంజి సార్" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "గంజి పెట్టిన సార్. మూడు పూతలు. గాలి లేకున్న నిలవడ్డది. నోరు రోడ్డు దిక్కు పెట్టించింది కూడ నేనే. సాబ్‌కు తెల్వదు. పైలట్ సార్ తప్పు లేదు."

తలుపు దగ్గర కాకా గట్టిగా ఊపిరి వదిలాడు. అధికారి ముక్కు తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికే తుడుచుకున్నాడని నాకు ఇప్పటికీ అనుమానం.

"గాలి సంచికి గంజి ఎందుకమ్మా?"

"మంచిగ కనపడాలని సార్."

సాబ్ లేచి నిలబడ్డాడు. "సార్, కుట్టమన్నది నేను. ఎక్కించేముందు చెయ్యి పెట్టి చూడాల్సింది నేను. ఆమె పేరు రాయకుండ్రి."

"సంచి సంగతి నేను వదిలేస్త ఇన్‌చార్జి సాబ్. పల్లె మనిషి, తెల్వక చేసింది, ఎవరికీ ఏం కాలేదు." అధికారి బల్ల మీది వాఙ్మూలం మీద వేలు పెట్టాడు. "దీన్నేం చేయాలె? బలమైన గాలి, స్వయంగ చూసిన అని రాసిండ్రు. సంతకం పెట్టిండ్రు. గాలి లేదు. పిల్లగాని పైలట్ ఉద్యోగం పోతుండె. సంతకానికి ముందు గీ ముచ్చట నాకొచ్చి ఉంటే ఇక్కడ రాసేదే ఉండకపోవు."

సంతకానికి ముందు ఏం జరిగిందో నాకు తెలుసు. చాయ్ జరిగింది.

పైలట్ ఉద్యోగం బతికింది. నా పేరు ఎక్కడా పడలేదు, పని నిలిచింది. సాబ్ సర్వీసు బుక్కులో రెండు వరసల ఎర్ర సిరా పడింది. పరిశీలించకుండా తప్పుడు వాఙ్మూలం ఇచ్చినందుకు అని. గంజి మాట అందులో లేదు. నేను ఒప్పుకుని ఒక మనిషిని కాపాడాను, పది రోజులు ఆలస్యంగా ఒప్పుకుని ఇంకొక మనిషిని ముంచాను. తర్వాతి కాలంలో ఎవరైనా నన్ను నిజాయితీ గల మనిషివని మెచ్చుకుంటే ఆ రెండో సగం చెప్పే ధైర్యం లేక ఊరుకునేదాన్ని.

సాబ్ నన్ను ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడడమే మానేశాడు. నేను ఎదురుగా ఉన్నా, "కాకా, నీళ్లు పట్టుమని చెప్పు" అనేవాడు. కాకా నా వైపు తిరిగి, "నీళ్లు పట్టాల్నట బాయీ" అనేవాడు. "పట్టిన అని చెప్పు కాకా" అనేదాన్ని. ముగ్గురం మూడు మూరల దూరంలో ఉండేవాళ్లం. నెల తిరక్కుండా కాకాకు విసుగొచ్చి, "నేను పసులను తోలనా, మీ మాటలు తోలనా?" అని ఇద్దరినీ తిట్టాడు.

కొత్త సంచి హైదరాబాదు నుంచి అప్పటికీ రాలేదు. ఒకరోజు సాబ్ పల్చటి తెల్ల బట్ట ఒక తాను తెచ్చి, నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. కుట్టాను. నీళ్లలో జాడించి, ఉన్న గంజి కూడా పోయేదాకా పిండి ఆరేశాను. చేతిలో పట్టుకుంటే తడిసిన కోడిపిల్లలా ఉంది. మా అవ్వ చూసి ఉంటే మూడు రోజులు అన్నం తినేది కాదు. కాకా దాన్ని ఎక్కించే ముందు సాబ్ అందుకుని, రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి, తల ఊపాడు. విమానం వచ్చే ప్రతిరోజూ అదే తంతు. కాకా దించాలి, సాబ్ నలపాలి, కాకా ఎక్కించాలి. నేను దూరంగా నిలబడి చూడాలి. ఎండకు నేను కరిగిపోతే బాగుండు అనిపించేది.

ఆయన పదవీ విరమణ రోజు వచ్చింది. కొత్త ఇన్‌చార్జి వరంగల్ నుంచి వచ్చాడు, చురుకైన మనిషి. సామాను ఒక్కొక్కటి చూపిస్తూ సాబ్ చెబుతున్నాడు, కొత్తాయన జాబితా రాసుకుంటున్నాడు. బల్ల ఒకటి, కుర్చీలు మూడు, కాళ్లు సరిగా ఉన్నవి రెండు, నీళ్ల కాగులు రెండు. బయటికి వచ్చారు. నేను ఊడుస్తూ పక్కకు తప్పుకున్నాను.

సాబ్ తలెత్తి స్తంభం కొసకు చూశాడు. "గాలి సంచి ఒకటి. గంజి లేదు."

కొత్తాయన కలం ఆగింది. "ఏం లేదు?"

"గంజి. రాయుండ్రి జనాబ్."

"గాలి సంచికి గంజి లేదని ఎందుకు రాయాలె సాబ్?"

సాబ్ కోటు సర్దుకున్నాడు, కుర్తా చప్పుడు చేసింది. కాకా జవాబు మోయడానికి సిద్ధమై ముందుకు వచ్చాడు. సాబ్ ఆయన్ను దాటి నేరుగా నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బేటీ. జర జల్ది చెప్పు. పది రోజులు తీసుకోకు."

నేను చీపురు కింద పడేసి, ఈసారి చాయ్ తాగుతరా అని అడగకుండా, మొదటి నుంచి చెప్పాను.